విశాఖకు కొత్తా? భీమిలి రోడ్డును అటు చివర నుంచి మొదలుపెట్టండి

విశాఖకు కొత్తగా వచ్చినవాళ్లను మొదటి ఆదివారమే ఆర్కే బీచ్‌కీ కైలాసగిరికీ తిప్పి, ఇదే వైజాగ్ అంటారు. ఊళ్లోవే కాబట్టి ఆ రెండూ ఏ సాయంత్రమైనా చూడొచ్చు. ముందు చూడాల్సింది సముద్రం పక్కనే భీమిలి దాకా సాగే రోడ్డు, సుమారు పాతిక కిలోమీటర్లు.

కారు ప్యాకేజీల వాళ్లు ఈ దారి అందాన్ని పాడుచేస్తున్నారు. తీరిగ్గా పదింటికి బయల్దేరదీస్తారు. ఎర్రమట్టి దిబ్బల దగ్గర ఫొటోలకు పావుగంట ఇస్తారు. కొండెక్కాల్సి వస్తుందని తొట్లకొండ బౌద్ధారామం ఎగ్గొడతారు. మధ్యాహ్నానికి తమకు కమిషన్ ఇచ్చే హోటల్ ముందు దింపుతారు. డబ్బు మాత్రం రోజంతటికీ! అందుకే బేరమాడేటప్పుడే ఆగాల్సిన చోట్లన్నీ పేర్లతో చెప్పి, వెయిటింగ్‌తో కలిపి ఎంతో తేల్చుకోండి.

తెల్లవారుజామునే హైవే మీద ఆనందపురం దాకా వెళ్లి, అక్కడ భీమిలి వైపు తిరగండి. వచ్చేటప్పుడు బీచ్ రోడ్డు. ఇలా వెళ్తే ఎండ ముదరకముందే దిబ్బల దగ్గర ఉంటారు. సొంత బండి లేకపోతే రైల్వే స్టేషన్ నుంచి బీచ్ రోడ్డు మీదుగా భీమిలి వెళ్లే 900కె సిటీ బస్సు ఉంది, కానీ తొట్లకొండకు కింద రోడ్డు మీదే దిగి నడిచి ఎక్కాలి.

భీమిలిలో డచ్చివాళ్ల సమాధులు, పాత లైట్‌హౌస్, గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు, గంటన్నరలో అయిపోతాయి. బొర్రా గుహల్లోంచి వచ్చే నీరే ఈ గోస్తనీ. నదీముఖం దగ్గర స్నానానికి దిగొద్దు, లాగేస్తుంది.

ఎర్రమట్టి దిబ్బలకు మాత్రం గంటకు తక్కువ కేటాయించొద్దు. వేల ఏళ్ల కిందట గాలి, నీరు పోగుచేసిన ఇసుకలోని ఇనుము తుప్పుపట్టి ఆ రంగు వచ్చింది. వాన నీరు కోసిన లోయల్లో కింది నుంచి నడవాలి. అంచుల మీదకు ఎక్కితే మట్టి జారుతుంది, దిబ్బా పాడవుతుంది. జియలాజికల్ సర్వే దీన్ని భూవారసత్వ స్థలంగా గుర్తించింది, ఇంకా జనం అంచులు తొక్కుతూనే ఉన్నారు. లోపల తాగునీరు దొరకదు, నీడ తక్కువ. మనిషికో లీటరు నీళ్లు పట్టుకెళ్లండి.

తర్వాత తొట్లకొండ. స్తూపం, విహారాల పునాదులు, రాతిలో తొలిచిన నీటి తొట్లు. పిల్లలు ఇక్కడ విసుక్కుంటారు. వాళ్లను ముందు కింద మంగమారిపేట ఒడ్డున సహజ శిలాతోరణం దగ్గరకు తీసుకెళ్తే పేచీ తగ్గుతుంది. రుషికొండ బీచ్‌కు మూడు దాటాక రండి, పడమటి కొండల వల్ల ఎండ తొందరగా తగ్గుతుంది. నీళ్లలోకి లైఫ్‌గార్డులు ఉన్నచోటే దిగాలి. ఆర్కే బీచ్‌లో అసలే వద్దు, ఒడ్డు ఒక్కసారిగా లోతవుతుంది.

తిండికి ఈ దారిలో చేపే తినాలి, వంజరం గానీ చందువ గానీ. మెనూలో ధర లేకుండా సైజును బట్టి అని ఉంటే వేయించకముందే చేపను చూపించమని, బరువు, ధర అడగండి. బిల్లు దగ్గర గొడవలన్నీ ఇది అడగకపోవడం వల్లే. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరబోట్లకు వేట నిషేధం. అప్పుడు పెద్ద చేప చాలాచోట్ల ఐసుదే, ధర మాత్రం తగ్గదు. ఆ రోజుల్లో నాటుపడవల వాళ్లు తెచ్చిన చిన్న చేపలు అడగడం మంచిది.

చివర్లో ఆర్కే బీచ్‌లో మురీ (మరమరాల) మిక్చర్ తినండి, నిమ్మకాయ మీ ముందే పిండించుకుని. ఎదురుగానే కుర్సురా జలాంతర్గామి. 1969 నుంచి 2001 దాకా నౌకాదళంలో పనిచేసింది. లోపల గుండ్రటి ద్వారాల్లోంచి వంగి దూరాలి కాబట్టి మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లను బయటే కూర్చోబెట్టండి. సోమవారం దానికి సెలవు.