షట్టర్ క్లిక్‌మంది కదా అని పాత యాషికా కొనకండి

పాత ఫిల్మ్ కెమెరాలు ఆన్‌లైన్‌లో కొనేవాళ్లు, ముఖ్యంగా యాషికా ఎలక్ట్రో 35 మీద మనసుపడ్డవాళ్లు, డబ్బు పంపే ముందు ఇది ఒక్కసారి చదవండి. నాకు పోయింది డబ్బు ఒక్కటే అయితే ఇంత రాసేవాణ్ని కాదు.

మే నెలలో ఒకాయన దగ్గర ఎలక్ట్రో 35 జీఎస్‌ఎన్ మోడల్ 8,500 రూపాయలకు తీసుకున్నాను. ఫుల్లీ వర్కింగ్, ఈ మధ్యే సర్వీస్ చేయించాం, బ్యాటరీ గది నీట్‌గా ఉంది అని రాశాడు. వీడియో కూడా పంపాడు. అందులో షట్టర్ టక్కున పడుతోంది, బ్యాటరీ చెక్ బటన్ నొక్కితే లైటు ఒక్క క్షణం వెలిగింది. కెమెరా చేతికొచ్చాక మూత తీసి చూశాను. బ్యాటరీ గదిలో కాంటాక్ట్ తళతళలాడుతోంది. నమ్మేశాను.

ఆ నెలాఖర్లోనే తెనాలిలో మా తాతయ్యకు సహస్ర చంద్ర దర్శనం చేశాం. రోల్‌లో ఉన్న 36 ఫ్రేములూ అక్కడే తీశాను. కడిగించాక చూస్తే, పెరట్లో ఎండలో తీసినవి పదో పన్నెండో వచ్చాయి. ఇంట్లో తీసినవాటిలో ఒక్కటీ రాలేదు. పీటల మీద తాతయ్య, అమ్మమ్మ, హారతి, మనవలందరం వరసగా కాళ్లకు దండం పెట్టడం, అన్నీ పోయాయి. నెగెటివ్ కిటికీకి ఎదురుగా పెట్టి చూస్తే ఖాళీ ప్లాస్టిక్ పట్టీలా ఉంది.

ఎందుకిలా అయిందో తెలియాలంటే ఈ కెమెరా పనితీరు తెలియాలి. 1966లో వచ్చిన మొదటి ఎలక్ట్రో 35 నుంచి 1973 నాటి జీఎస్‌ఎన్ దాకా పద్ధతి ఒకటే. ఎపర్చర్ (లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రం సైజు) మనం పెడతాం, షట్టర్ స్పీడు లోపలి సర్క్యూట్ చూసుకుంటుంది. 30 సెకన్ల నుంచి సెకనులో 1/500 వంతు దాకా ఏదైనా ఎంచుకోగలదు. అయితే సర్క్యూట్‌కు కరెంట్ అందకపోయినా షట్టర్ ఆగిపోదు. చీకట్లోనైనా సరే దాదాపు 1/500 దగ్గరే పడిపోతుంది, ఇంట్లో వెలుతురుకు అది చాలదు. అంటే బ్యాటరీ లేకుండా కూడా ఆ క్లిక్ వినిపిస్తుంది. వీడియోలో నేను విన్నది ఆ శబ్దమే.

ఇంకో చిక్కు లైట్లతో. వెలుతురు తక్కువైతే పసుపు లైటు, మరీ ఎక్కువైతే ఎర్ర లైటు వెలగాలి. రెండూ వెలగకపోతే ఎక్స్‌పోజర్ సరిపోయిందని అర్థం. కానీ కరెంట్ పోయినప్పుడు కూడా రెండూ వెలగవు కదా! నేను పూజ జరుగుతున్న హాల్లో ఎఫ్ 1.7 పెట్టి, ఏ లైటూ రాలేదు, అంతా బాగానే ఉందనుకుని నొక్కుతూ పోయాను.

మొదట ఒక మెకానిక్‌కి ఇచ్చాను. కాంటాక్ట్ గీకి, బ్యాటరీ గది నుంచి పైన సర్క్యూట్‌కు వెళ్లే తీగను కింద కాస్త కత్తిరించి కొత్త ముక్క అతికించి 900 తీసుకున్నాడు. రెండు వారాలు పనిచేసి మళ్లీ ఆగిపోయింది. తర్వాత కోఠిలో పాత కెమెరాలు బాగా ఎరిగిన ఒక పెద్దాయన దగ్గరికి వెళ్లాను. ఆయన నన్ను పక్కన కూర్చోబెట్టుకుని విప్పారు. మల్టీమీటర్ పెడితే బ్యాటరీ దగ్గర 6 వోల్టులు, తీగ అవతలి చివర కూడా ఇంచుమించు అంతే. "ఇప్పుడు చెక్ బటన్ నొక్కు బాబూ" అన్నారు. నొక్కగానే అవతలి చివర 3 కంటే కిందికి పడిపోయింది. అంటే కరెంట్ లాగినప్పుడు మోసే శక్తి ఆ తీగలో లేదు.

ఆ తీగ పైకి ఏ లోపమూ లేనట్టే ఉంది. బ్లేడుతో తొడుగు చీల్చితే లోపల రాగి పోగులు నల్లగా మాడినట్టున్నాయి, మధ్యమధ్య పచ్చటి చిలుము. గోరుతో తాకితే పొడి రాలింది. సోల్డరింగ్ ఐరన్ పెడితే లెడ్ అంటుకోకుండా ఉండలు కట్టి జారిపోయింది. ఎప్పుడో బ్యాటరీ లోపలే మర్చిపోతే అది కారి, ఆ పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రవం తొడుగు లోపల నుంచే పైదాకా పాకిందని చెప్పారాయన. అమ్మినవాడు గీకి మెరిపించింది గది వరకే. మొదటి మెకానిక్ అతికించింది కూడా కుళ్లిన తీగకే.

పెద్దాయన పై కవర్ తీసి తీగ మొత్తం ఈ చివర నుంచి ఆ చివరకు మార్చారు. గదిని వెనిగర్‌తో తుడిచి, తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో శుభ్రం చేశారు. 1,800 అయింది. ఆయన పనికి ఆ డబ్బు ఎక్కువేమీ కాదు.

కొనేముందు మీరు అడగాల్సింది ఇదీ. వీడియో కాల్‌లో ముందు బ్యాటరీ తీసి, మళ్లీ పెట్టి చూపించమనండి. ఆటోలో పెట్టి, ముందువైపు పై భాగంలో ఉండే గుండ్రటి సెన్సర్ అద్దానికి వేలు గట్టిగా అడ్డుపెట్టి షట్టర్ నొక్కమనండి. పసుపు లైటు రావాలి, షట్టర్ చాలాసేపు తెరుచుకునే ఉండాలి. వెంటనే టక్కున పడితే వద్దనేయండి. చెక్ బటన్‌ను పది సెకన్లు అలాగే నొక్కి పట్టమనండి, లైటు తగ్గకుండా నిలకడగా ఉండాలి. కాంటాక్ట్ మీద ఇసుక కాగితం గీతలు కనిపిస్తే, అక్కడ ఒకప్పుడు బ్యాటరీ కారినట్టే లెక్క.

ఈ కెమెరాకు అసలు వాడింది 5.6 వోల్టుల మెర్క్యురీ బ్యాటరీ. అవి దొరకవు కాబట్టి అందరం 6 వోల్టుల 4ఎల్‌ఆర్44 ఆల్కలైన్‌కు అడాప్టర్ తొడిగి వాడుతున్నాం. పని అయిపోగానే అది బయటకు తీసేయండి, నెల రోజులు వాడనని తెలిస్తే తప్పనిసరిగా.

అమ్మినాయనకు చీల్చిన తీగ ఫొటో పంపాను. "నేను పంపినప్పుడు షట్టర్ పడుతూనే ఉంది కదా" అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నాడు. తాతయ్య హారతి ఫొటో ఇప్పుడు మా దగ్గర మా పెదనాన్న కొడుకు ఫోన్‌లో తీసింది ఒక్కటే ఉంది, అదీ సగం పొగలో. నిన్న చూస్తే ఆ అమ్మినాయన ఇంకో జీఎస్‌ఎన్ అమ్మకానికి పెట్టాడు, అవే మాటలు, అలాంటి వీడియోనే. దాని మీద కన్నేసినవాళ్లు ముందు ఆ సెన్సర్‌కు వేలు అడ్డుపెట్టించి చూడండి.