పండక్కి ఊరెళ్ళాక అపెండిక్స్ నొప్పి: అక్కడే ఆపరేషనా, హైదరాబాద్ వచ్చేయాలా?

మొన్న సంక్రాంతికి మా తమ్ముడికి భీమవరంలోనే అపెండిక్స్ ఆపరేషన్ చేయించాం. అప్పటి నుంచి చుట్టాలూ ఆఫీసువాళ్ళూ అడిగేది ఒకటే: "హైదరాబాద్ తీసుకొచ్చేయాల్సింది కదా, పండగ పూట ఆ చిన్న ఊళ్ళో ఎందుకు?" అడిగేవాళ్ళలో చాలామంది ఏటా పండక్కి ఊరెళ్ళేవాళ్ళే కాబట్టి రాస్తున్నాను.

హైదరాబాద్ వైపు బలం తక్కువేమీ కాదు. పెద్ద ఆసుపత్రిలో స్కానింగ్, ఐసీయూ, బ్లడ్ బ్యాంక్ అన్నీ ఒక్కచోటే ఉంటాయి. ఆఫీసు ఇన్సూరెన్స్ నేరుగా నడుస్తుంది. కుట్లు చూపించుకోవడానికి మళ్ళీ అంత దూరం రానక్కర్లేదు.

అడ్డుపడేది టైమే. అపెండిక్స్ నొప్పి మొదట బొడ్డు చుట్టూ వచ్చి, కొన్ని గంటల తర్వాతగానీ కుడివైపు కిందికి దిగదు. పండగ రోజుల్లో అయితే అరిసెలు పడలేదనో, కనుమ నాటి మాంసం అరగలేదనో అనుకుంటూ సగం రోజు గడిపేస్తాం. నొప్పి మొదలై 24 నుంచి 36 గంటలు దాటితే అది పగిలే ప్రమాదం పెరుగుతుంది. భీమవరం నుంచి హైదరాబాద్ దాదాపు 400 కిలోమీటర్లు. భోగి రోజు అటు వెళ్ళే రోడ్డు ఖాళీగానే ఉంటుంది, నిజమే. కనుమ దాటాక మాత్రం విజయవాడ హైవే మీద పంతంగి టోల్‌గేట్ దగ్గర ఎన్ని గంటలు ఆగాలో ఎవరూ చెప్పలేరు. నొప్పి ఇంజెక్షన్ చేయించుకుని, తగ్గింది కదా అని కారెక్కడం మరీ ప్రమాదం. పగిలినప్పుడు కూడా నొప్పి కాసేపు తగ్గినట్టే ఉంటుంది.

అలాగని దగ్గర్లో ఏ నర్సింగ్ హోమ్ కనిపిస్తే అందులో చేరిపొమ్మని కాదు. నా దృష్టిలో తేల్చేది ఒక్కటే, మత్తు డాక్టరు. చిన్న టౌన్లలో సర్జన్‌ది చాలాసార్లు సొంత ఆసుపత్రి, ఇల్లు కూడా ఆ పైనే. మత్తు డాక్టరు అలా కాదు. ఒక్కరే నాలుగైదు నర్సింగ్ హోమ్‌లకు ఫోన్ చేస్తే వచ్చి వెళుతుంటారు. పండక్కి ఆయనా అత్తారింటికో సొంతూరికో వెళ్ళి ఉండొచ్చు. ఆయన లేకపోతే సర్జన్ ఎంత మంచివాడైనా ఆపరేషన్ జరగదు. పేషెంటు సెలైన్ మీద అలా పడి ఉండాల్సిందే. అందుకే గది అద్దె కంటే ముందు ఇది అడగండి: "మత్తు డాక్టరు ఇవాళ ఊళ్ళో ఉన్నారా? ఎన్నింటికి వస్తారు?" మేం అడిగితే పేరు, టైమూ చెప్పారు. అందుకే ఉండిపోయాం. "ముందు అడ్మిట్ అవ్వండి, చూద్దాం" అంటే మాత్రం అక్కడ కూర్చోవద్దు. ఏలూరో, రాజమండ్రో, విజయవాడో వెళ్ళిపోండి. అదీ హైదరాబాద్ కంటే చాలా దగ్గరే.

చంటిపిల్లలు, గర్భిణులు, గుండె జబ్బో షుగరో ఉన్న పెద్దవాళ్ళు అయితే నేను ఆ ప్రశ్న కూడా అడగను. ఐసీయూ ఉన్న దగ్గరి పెద్ద టౌన్‌కే తీసుకెళతాను. ఎక్కడికి వెళ్ళినా ఆఖరిసారి ఎప్పుడు తిన్నారో దాచకుండా చెప్పండి. మత్తు ఇవ్వాలంటే అన్నం, టిఫిన్ లాంటివి తిని 6 గంటలు కావాలంటారు. నొప్పి ఉన్న మనిషికి "ఒక్క పూర్ణం తిను నాన్నా" అంటూ పెట్టకండి.

ఇన్సూరెన్స్ కోసమే హైదరాబాద్ పరుగెత్తక్కర్లేదు. 2024 జనవరిలో క్యాష్‌లెస్ ఎవ్రీవేర్ అనే పద్ధతి వచ్చింది. క్యాష్‌లెస్ అంటే బిల్లు కంపెనీయే నేరుగా ఆసుపత్రికి కట్టడం. నెట్‌వర్క్‌లో లేని ఆసుపత్రిలోనైనా, ఎమర్జెన్సీలో చేరిన 48 గంటల్లోపు కంపెనీకి చెబితే క్యాష్‌లెస్ అడగొచ్చు. ఆసుపత్రి కూడా ఒప్పుకోవాలి. ఒప్పుకోకపోతే డబ్బు కట్టి తర్వాత క్లెయిమ్ చేసుకోవచ్చు. డిశ్చార్జ్ సమ్మరీ, ఒరిజినల్ బిల్లులు, మందుల చీటీలు, తీసిన అపెండిక్స్‌ను బయాప్సీకి పంపితే ఆ రిపోర్టూ ఒక కవర్లో పెట్టుకోండి.

ఇంకో లాభం కూడా ఉంది. హైదరాబాద్‌లో మావాడు రూమ్‌లో ఒక్కడే ఉంటాడు. పండక్కి ఇల్లంతా ఊళ్ళోనే ఉంది కాబట్టి రాత్రి ఆసుపత్రిలో పడుకోవడానికి ఒకరు, చారన్నం తేవడానికి ఒకరు ఉన్నారు.

కాకినాడ, విజయవాడల్లాంటి చోట్ల పెద్ద ప్రభుత్వాసుపత్రులను కూడా లెక్కలో ఉంచుకోండి. రద్దీ ఎక్కువే, కానీ మెడికల్ కాలేజీ ఆసుపత్రులు కాబట్టి పండగ రోజు కూడా సర్జన్, మత్తు డాక్టరు డ్యూటీలో ఉంటారు. మత్తు డాక్టరు సంగతి తేల్చి చెప్పలేని నర్సింగ్ హోమ్ కంటే అదే నయం.

ఆపరేషన్ లేకుండా యాంటీబయాటిక్స్‌తో నెట్టుకురావడం కుదురుతుంది, కానీ 2020లో అమెరికాలో వచ్చిన కోడా అధ్యయనంలో అలా చేసినవాళ్ళలో 10 మందిలో ముగ్గురికి 90 రోజుల్లోపే ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. అపెండిక్స్‌లో రాయి ఉంటే అవకాశం ఇంకా ఎక్కువ. నేనైతే దాని జోలికి పోను. చిన్న రంధ్రాలతో చేసే ల్యాప్రోస్కోపీయా, పొట్ట కోసి చేసే ఓపెనా అన్నది ఆ సర్జన్‌కు ఏది బాగా అలవాటో దాన్నిబట్టి పోనివ్వండి. మచ్చ చిన్నదవుతుందని 400 కిలోమీటర్లు వెళ్ళక్కర్లేదు.

హైదరాబాద్‌కే నేను ఓటు వేసే సందర్భం ఒకటుంది. కొన్నిసార్లు స్కాన్‌లో అపెండిక్స్ చుట్టూ గడ్డ కట్టిందని తేలుతుంది. అప్పుడు చాలామంది సర్జన్లు వెంటనే కోయకుండా, ముందు మందులిచ్చి కొన్ని వారాల తర్వాత చూద్దాం అంటారు. అలాంటప్పుడు అక్కడే మందులు పూర్తిచేసి, డాక్టరు ప్రయాణానికి ఒప్పుకున్నాక, రద్దీ తగ్గిన రోజు చూసుకుని రండి. స్కాన్ ఫిల్మ్, రిపోర్టులు వెంట తెచ్చుకోండి.