బార్బడోస్ తూర్పు తీరంలో ఈతకు బాత్ బీచ్

కరీబియన్ దీవి బార్బడోస్ పొడవు 34 కిలోమీటర్లు, వెడల్పు 23. బీచ్‌లన్నీ ప్రజలవే. పెద్ద హోటల్ ముందున్న ఇసుకలోనైనా తువ్వాలు పరుచుకోవచ్చు. కొత్తగా వచ్చినవాళ్లు, మెడిసిన్ చదవడానికొచ్చే మన పిల్లలతో సహా, మొదట తూర్పు తీరంలోని బత్‌షీబాకు పరిగెడతారు. పుట్టగొడుగుల్లాంటి ఆ రాళ్లు చూడదగ్గవే, కానీ నీళ్లలో దిగొద్దు. అట్లాంటిక్ అలలు నేరుగా వచ్చి కొడతాయి, లోపలికి లాగే ప్రవాహాలుంటాయి. అది సర్ఫింగ్ వచ్చినవాళ్ల చోటు.

ఈత కొట్టాలనుకుంటే అదే తీరంలో ఇంకాస్త దక్షిణాన, సెయింట్ జాన్ పారిష్ (మన జిల్లా లాంటిది)లోని బాత్‌కు వెళ్లండి. ఒడ్డుకు ఎదురుగా పగడపు దిబ్బ అడ్డుంటుంది. అల అక్కడే విరిగిపోయి, ఇవతలి నీళ్లు నెమ్మదిగా ఉంటాయి. ఒడ్డున సరుగుడు చెట్లు, వాటి కింద చల్లటి నీడ. మన కోస్తా వాళ్లకు ఆ గాలి చప్పుడు కొత్తేమీ కాదు. సెలవు రోజుల్లో స్థానిక కుటుంబాలతో నిండిపోతుంది కాబట్టి వారం మధ్యలో పొద్దున్నే వెళ్లడం మేలు. దిబ్బ దాటి మాత్రం పోవద్దు. ఆటు వేళ నీళ్లు మోకాళ్ల లోతుకు దిగి రాళ్లు తేలతాయి, సందుల్లో అర్చిన్లు, అంటే ఒళ్లంతా ముళ్లుండే గుండ్రటి సముద్రజీవులు ఉంటాయి. రబ్బరు అడుగున్న నీటి చెప్పులు తప్పనిసరి.

బాత్‌కు అసలు తలనొప్పి సర్గాసం. 2011 నుంచి ఈ గోధుమరంగు నాచు తూర్పు తీరానికి గుట్టలుగా కొట్టుకొస్తోంది, మార్చి నుంచి ఆగస్టు దాకా మరీ ఎక్కువ. తాజాది అయితే చిరాకు మాత్రమే. ఒడ్డున పడి రెండు రోజులైతే కుళ్లిన కోడిగుడ్డు వాసన, అంటే హైడ్రోజన్ సల్ఫైడ్. ఉబ్బసం ఉన్నవాళ్లు ఆ రోజు అటు పోకూడదు. బయల్దేరేముందు అటువైపు వాళ్లనెవరినైనా అడిగి తెలుసుకోండి.

అలాంటప్పుడు పడమటి తీరంలోని హేవుడ్స్ బీచ్‌కు మారిపోండి. కారు లేనివాళ్లకైతే ఎప్పుడైనా అదే సులువు. రాజధాని బ్రిడ్జ్‌టౌన్‌లోని ప్రిన్సెస్ ఆలిస్ టెర్మినల్‌లో స్పైట్స్‌టౌన్ బస్సు ఎక్కి, చివరిదాకా వెళ్లి, ఉత్తరానికి కాసేపు నడవాలి. టికెట్ మూడున్నర బార్బడోస్ డాలర్లు (రెండు బార్బడోస్ డాలర్లు ఒక అమెరికన్ డాలరు). ప్రభుత్వ బస్సులో చిల్లర తిరిగివ్వరు, సరిగ్గా లెక్కపెట్టి ఉంచుకోండి. బాత్‌కు అద్దె కారే నయం, బ్రిడ్జ్‌టౌన్ నుంచి ముప్పావు గంట పడుతుంది. డ్రైవింగ్ మనలాగే ఎడమవైపు, పర్మిట్ సంగతి అద్దె సంస్థే చూస్తుంది. చివర్లో దిగుడు రోడ్డు ఇరుకు, మొదటి గేరులో దిగండి.

పడమటి ఒడ్డున మాంచినీల్ చెట్టుతో జాగ్రత్త. మెరిసే చిన్న ఆకులు, చిన్న ఆపిల్ లాంటి పచ్చటి కాయలు, చాలాచోట్ల హెచ్చరికగా మొదలుకు ఎర్ర రంగు పట్టీ వేసి ఉంటుంది. పాలు తగిలితే బొబ్బలొస్తాయి, కాయ కొరికితే గొంతు వాస్తుంది. వాన పడుతుంటే దాని కింద నిలబడకూడదు, ఆకుల మీంచి జారే చుక్కలే చాలు. తగిలిన వెంటనే సబ్బునీళ్లతో కడిగి, కంట్లో పడితే డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

బస దక్షిణ తీరంలో వర్తింగ్ చుట్టుపక్కల వంటగది ఉన్న అపార్ట్‌మెంట్ చూసుకోండి, రాత్రి పూట కూడా బస్సులుంటాయి. తూర్పున సెయింట్ జాన్, సెయింట్ జోసెఫ్ పారిష్‌ల వైపు ప్రశాంతమే, కానీ అక్కడ నీటి సరఫరా ఆగిపోతుంటుంది. ట్యాంకు ఉందో లేదో అడిగి, ఏసీ కరెంటు బిల్లు అద్దెలో కలిసిందో లేదో తేల్చుకుని డబ్బు కట్టండి. బాత్ దగ్గర శాకాహారం నమ్ముకోవద్దు, పులిహోర కట్టుకెళ్లండి. చేపలు తినేవాళ్లకు ఉప్పు బ్రెడ్డులో వేయించిన చేప పెట్టిచ్చే కటర్ బావుంటుంది. సైనికుల మచ్చల బట్టలు ఇక్కడ చట్టరీత్యా నిషేధం, పిల్లలకు కూడా.

ఎండ ముదరకముందే వెళ్తే, 1937లో మూతపడిన పాత రైలు దారి వెంట బాత్ నుంచి ఉత్తరంగా మార్టిన్స్ బే వైపు నడవొచ్చు. పట్టాలు లేవు, కుడిచేతి పక్కనే సముద్రం.