అటామిక్ ఫోర్స్ మైక్రోస్కోపా (ఏఎఫ్ఎమ్), స్కానింగ్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోపా (ఎస్ఈఎమ్): మందుల పరిశోధనకు ఏది?

లైపోజోముల (మందును మోసే అతి చిన్న కొవ్వు బుడగల) మీద పని చేస్తుంటే నా ఓటు ఏఎఫ్ఎమ్‌కే. మామూలు ఎస్ఈఎమ్‌లో శాంపిల్‌ను ఆరబెట్టి, బంగారం లాంటి లోహపు పూత వేసి, వాక్యూమ్‌లో పెట్టాలి, ఈలోపు మెత్తటి కణం ఆకారమే మారిపోవచ్చు. 1986లో వచ్చిన ఏఎఫ్ఎమ్ సన్నటి మొనతో ఉపరితలాన్ని తడుముతుంది కాబట్టి ద్రవంలో ఉన్న కణాన్ని కూడా చూడొచ్చు, ఎత్తును నానోమీటర్లలో కొలవొచ్చు, పైగా అది ఎంత గట్టిగా ఉందో, పక్క కణానికి ఎంత బలంగా అంటుకుంటుందో కూడా తెలుస్తుంది. పొడి మందు పీల్చే ఇన్‌హేలర్ల పనిలో ఈ అంటుకునే బలమే అసలు విషయం.

విరిగిన టాబ్లెట్ లోపలి రంధ్రాలు చూడాలంటే మాత్రం ఎస్ఈఎమ్మే, త్వరగా అయిపోతుంది. ఏఎఫ్ఎమ్ ఒకసారికి చూసేది సాధారణంగా 100 మైక్రోమీటర్ల చదరం లోపే. మొన అరిగితే బొమ్మ కూడా తప్పుగా వస్తుంది, జాగ్రత్త.