తొమ్మిదేళ్ల వాడకం తర్వాత: పాత బెంజ్ డబ్ల్యూ124 ముందు చక్రాల బేరింగులు

నాది 1996 మోడల్ బెంజ్ ఈ250 డీజిల్ (డబ్ల్యూ124 అనేది ఆ తరం కార్లకు కంపెనీ కోడ్), పుణేలో అసెంబుల్ అయిన బండి. తొమ్మిదేళ్లుగా హైదరాబాద్‌లో నడుపుతున్నాను. ముందు చక్రాల బేరింగుల గురించి ఎవరడిగినా ఒకటే చెప్తాను, డయల్ గేజ్ (అతి చిన్న కదలికను ముల్లుతో చూపించే కొలత పరికరం) లేకుండా బేరింగు బిగించే నట్టు ముట్టుకోవద్దు.

బండి కొన్న కొత్తలో ఎడమ చక్రం ఆడుతోందని ఒక మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తే, రెంచికి పైపు తగిలించి గట్టిగా బిగించి పంపించేశాడు. మర్నాడు కర్నూలు వెళ్తూ దారిలో ఆపి చూస్తే ఎడమ చక్రం హబ్ (చక్రం బిగించే మధ్యభాగం) మీద చెయ్యి పెట్టలేకపోయాను, కుడివైపు మాత్రం గోరువెచ్చగా ఉంది. విప్పి చూస్తే గ్రీజు మాడి తారులా అయిపోయింది, రోలర్లు నీలం రంగుకు తిరిగాయి. ఆ చక్రం దారిలోనే పట్టేసి ఉంటే ఏమయ్యేదోనని ఇప్పటికీ భయమేస్తుంది.

ఇవి టేపర్ రోలర్ బేరింగులు, అంటే ఒకవైపు సన్నబడే రోలర్లున్నవి, వేడెక్కితే వ్యాకోచిస్తాయి కాబట్టి కాస్త ఖాళీ ఉండి తీరాలి. కంపెనీ చెప్పిన ఈ ఖాళీ (ప్లే) 0.01 నుంచి 0.02 మిల్లీమీటర్లు, అంటే తల వెంట్రుక మందంలో పావు వంతు కూడా ఉండదేమో, అది చేతికి ఎలా తెలుస్తుంది? నేను చేసే పద్ధతి ఇది: బండిని జాకీతో లేపి స్టాండ్ల మీద పెట్టి, చక్రం తీసి, బ్రేక్ ప్యాడ్లు వెనక్కి నెట్టి, డస్ట్ క్యాప్ ఊడదీసి, నట్టును కదలకుండా పట్టి ఉంచే అలెన్ స్క్రూ వదులు చేస్తాను. హబ్ తిప్పుతూనే, అది తిరగడం కష్టమయ్యేదాకా నట్టు బిగించి, మూడో వంతు చుట్టు వెనక్కి తిప్పి, స్పిండిల్ (హబ్ తిరిగే ఇరుసు) కొనమీద ప్లాస్టిక్ సుత్తితో ఒకటి కొడతాను. చాలామంది వదిలేసేది ఈ దెబ్బే, అది కొట్టకపోతే బేరింగ్ బిగుసుకునే ఉండి గేజ్ తప్పు చూపిస్తుంది. తర్వాత గేజ్ పెట్టి, హబ్‌ని బయటికీ లోపలికీ కదిపి చూస్తూ నట్టు సరిచేసి, స్క్రూ బిగించాక మళ్లీ ఒకసారి కొలుస్తాను, ఎందుకంటే బిగించేటప్పుడు కొలత కొద్దిగా మారుతుంది.

ఇంకో మాట, చక్రం ఆడితే బేరింగే అనుకోకండి. ఇంట్లో ఎవరినైనా బ్రేక్ తొక్కమని చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపండి, అప్పుడూ ఆడుతుంటే చూడాల్సింది బాల్ జాయింట్ (చక్రాన్ని సస్పెన్షన్‌కి కలిపే గుండ్రటి కీలు).

సీల్డ్ హబ్ (బేరింగ్ లోపలే మూసేసి ఉండేది) ఉన్న కొత్త కార్లలో బేరింగ్ ఆడితే మార్చేయడమే, ఇందులో సరిచేసుకోవచ్చు, అందుకే నాకీ బండంటే అంత ఇష్టం. మొన్న దసరాకి ముందు చూశాను, కుడివైపు 0.02 దగ్గరే ఉంది, ఎడమవైపు 0.03కి వచ్చింది, అరగంటలో సర్దేశాను.