కంప్యూటర్ ఈసీజీ, హోల్టర్ సాఫ్ట్‌వేర్: కర్నూలు క్లినిక్‌లో కొన్నేళ్ల వాడకం తర్వాత

ఈసీజీ తీసి తనే అర్థం కూడా అచ్చువేసే 12 లీడ్ల మెషీన్, హోల్టర్ (రోగి ఒంటికి తగిలించుకునే చిన్న ఈసీజీ పెట్టె) తీసిన 24 గంటల రికార్డింగును చదివే సాఫ్ట్‌వేర్. కర్నూలులోని మా గుండె క్లినిక్‌లో ఈ రెండూ రోజూ నడుస్తాయి. గుండె రేటు, పీఆర్ (పై గదుల నుంచి కింది గదులకు కరెంటు చేరే సమయం), క్యూఆర్‌ఎస్ (కింది గదుల్లో కరెంటు పాకే అల) కొలతలు చాలావరకు నమ్మదగ్గవే. వాటి కింద జబ్బు పేరు చెబుతూ వచ్చే వాక్యంతోనే జాగ్రత్త. అందుకే దాన్ని రెండో పేజీలో అచ్చయ్యేలా సెట్ చేసుకున్నాం. ఆ సెట్టింగ్ లేని మెషీనైతే కాగితం పైభాగం మడిచి ముందు గ్రాఫు చదవండి. మెషీన్ తప్పు చెప్పినప్పుడు, అది ముందే చదివిన డాక్టరు కూడా అదే తప్పు చేసే అవకాశం పెరుగుతుందని పరిశోధనల్లో తేలింది.

వాక్యం ఎక్కువగా తప్పేది ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (పై గదులు లయ తప్పి వణకడం) దగ్గర. చేతులు వణికే పెద్దవాళ్లకు, చలిజ్వరంతో వచ్చినవాళ్లకు, ఏట్రియల్ ఎక్టోపిక్ బీట్లు (పై గదుల నుంచి ముందుగానే వచ్చే బీట్లు) తరచూ పడేవాళ్లకు అదే రాసేస్తుంది. లీడ్ 2, వీ1లో పీ వేవ్ (పై గదులు లయగా కొట్టుకునే గుర్తు) ఉందేమో చూసి, పొడవాటి రిథమ్ స్ట్రిప్ తీస్తే తేలిపోతుంది. దీనికి తిరగబడ్డ తప్పు ఇంకా ప్రమాదం: రేటు 150 దగ్గర కదలకుండా ఉంటే, మెషీన్ సైనస్ టాకీకార్డియా (మామూలు లయే, వేగం ఎక్కువ) అన్నా సరే, 2:1 ఏట్రియల్ ఫ్లటర్ (పై గదులు రెండుసార్లు కొట్టుకుంటే కింది గదులు ఒకసారి కొట్టుకోవడం) కోసం వెతకాల్సిందే. కిడ్నీ రోగుల్లో పొటాషియం పెరిగి టీ వేవ్ (క్యూఆర్‌ఎస్ తర్వాతి అల) నిటారుగా లేస్తే దాన్నీ ఒక బీటుగా లెక్కేసి రేటు రెట్టింపు చూపిస్తుంది. రెండు ఆర్‌ల (క్యూఆర్‌ఎస్ కొనల) మధ్య పెద్ద గడులతో 300ను భాగిస్తే అసలు రేటు వస్తుంది.

క్యూటీ అంటే క్యూఆర్‌ఎస్ మొదలు నుంచి టీ వేవ్ చివరిదాకా సమయం; దాన్ని రేటుకు తగ్గట్టు సరిచేసిన క్యూటీసీ దగ్గర ఏ ఫార్ములా ఉందో చూసుకోండి. క్యూటీ 360 మిల్లీసెకన్లు, రేటు 100 అనుకుందాం. బాజెట్ లెక్కలో 465, ఫ్రిడెరీషియా లెక్కలో 427 వస్తుంది. రేటు ఎక్కువున్న రోగికి బాజెట్ అంకె చూసి, క్యూటీ పెరిగిందని మందు ఆపేస్తే అన్యాయం. సెట్టింగ్స్‌లో ఫ్రిడెరీషియా ఉంటే అదే పెట్టుకోండి.

ఫిల్టర్ వివరం కాగితం అడుగున చిన్న అక్షరాల్లో ఉంటుంది, ఎవరూ చూడరు. వణుకు తగ్గించే 40 హెర్ట్జ్ ఫిల్టర్ వేస్తే గీత నున్నగా వస్తుంది గానీ క్యూఆర్‌ఎస్‌లోని చిన్న నాచ్‌లు (గంట్లు) మాసిపోతాయి. మానిటర్ మోడ్‌లోని 0.5 హెర్ట్జ్ కింది హద్దు ఎస్‌టీని (క్యూఆర్‌ఎస్‌కూ టీ వేవ్‌కూ మధ్య గీతను) పైకో కిందికో జరపగలదు. గుండెపోటు అనుమానం ఉంటే 0.05 నుంచి 150 హెర్ట్జ్ పెట్టి మళ్లీ తీయాలి.

వీ1, వీ2 ఛాతీ స్టిక్కర్లను ఒక పక్కటెముక పైన అంటిస్తే 'పాత సెప్టల్ ఇన్‌ఫార్క్ట్' (గుండె మధ్యగోడకు ఎప్పుడో వచ్చిన గుండెపోటు) అని రావచ్చు. రొమ్ము ఎముక మీది ఉబ్బును వేలితో తడిమితే రెండో పక్కటెముక దొరుకుతుంది. అక్కడినుంచి నాలుగో సందుకు లెక్కపెట్టుకుంటూ దిగండి. లీడ్ 1 మొత్తం తలకిందులై ఏవీఆర్ లీడ్ నిటారుగా ఉంటే ముందు చేతి వైర్లు తారుమారయ్యాయేమో చూడాలి.

హోల్టర్‌లో రోజుకు దాదాపు లక్ష బీట్లు. సాఫ్ట్‌వేర్ వాటిని ఆకారాన్ని బట్టి గుంపులు చేస్తుంది, ఇందులో దాని పనితనం నిజంగా గొప్పది. మన పని గుంపులను సరిచేయడం: మొదట ఆర్టిఫాక్ట్ (కదలిక వల్ల వచ్చే దొంగ గీతలు) తీసేయాలి, తర్వాత వెంట్రిక్యులర్ (కింది గదుల బీట్ల) గుంపులు, ఆపైన విరామాలు. మూడు సెకన్ల విరామం చూపిస్తే మూడు ఛానెళ్లూ తెరవండి. ఒక్కదాంట్లో బీటు కనబడినా అది ఊడిన స్టిక్కరే. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ నడిచే రికార్డులో సుప్రావెంట్రిక్యులర్ ఎక్టోపిక్ (కింది గదులకు పైనుంచి ముందుగా వచ్చే బీట్ల) లెక్కను ఆపేయాలి, లేకపోతే అర్థంలేని వేల అంకెలు వస్తాయి. రోగి పక్కకు ఒత్తిగిల్లినా ఎస్‌టీ కదులుతుంది కాబట్టి హోల్టర్ ఎస్‌టీ పట్టికకు మేం విలువివ్వం. ఇలా జాగ్రత్తగా సరిచేయడానికి రికార్డుకు అరగంట నుంచి గంట పెట్టుకోవాలి.

మా ఎండాకాలంలో అసలు శత్రువు చెమట. వెంట్రుకలు తీసి, స్పిరిట్‌తో తుడిచి, పూర్తిగా ఆరనిచ్చి, గాజ్ గుడ్డతో కాస్త రుద్దాలి. స్టిక్కర్‌ను అంచుల మీదే నొక్కాలి, మధ్యలో నొక్కితే జెల్ పక్కకు పోతుంది. వైరును చిన్న మెలిక తిప్పి టేపు వేయాలి. తెరిచిన ప్యాకెట్‌లో జెల్ తొందరగా ఎండిపోతుంది, జిప్ కవర్లో పెట్టుకోండి. ప్రతి రికార్డుకూ కొత్త బ్యాటరీ.

కొనేటప్పుడు పాత ఈసీజీని పక్కనే పెట్టి చూపే సౌకర్యం అడగండి. అది లేని ప్యాకేజీ ఎంత తక్కువకు ఇచ్చినా వద్దు. ఛాతీ నొప్పితో వచ్చిన మనిషి ఎడమ బండిల్ బ్రాంచ్ బ్లాక్ (ఎడమ కింది గదికి కరెంటు వెళ్లే దారి అడ్డుపడటం) కొత్తదో పాతదో చెప్పేది ఆ పోలికే. పేరుతో వెతికితే ఒకే రోగి రెండు మూడు స్పెల్లింగులతో దొరుకుతాడు, కాబట్టి మొదటిరోజు నుంచే ఓపీ నంబరుతో నమోదు చేయించండి.