ఫ్రేమ్ లేని కప్‌బోర్డులు: అన్నీ బాగున్నాయి, గరిటెల సొరుగు తప్ప

ప్లైవుడ్ ఏ గ్రేడు, మైకా ఏ రంగు అన్నవి ఎవరిష్టం వాళ్లది, వాటి జోలికి పోను. విజయవాడలో మా ఇంట్లో పాత కడప బండల అరలు, వాటి టేకు ఫ్రేములు తీయించేసి, ఫ్రేమ్ లేని పెట్టెలు, అంటే ముందు చట్రం లేకుండా తలుపులు నేరుగా పక్క చెక్కలకే బిగించేవి, పెట్టించి అయిదారేళ్లు దాటింది. మూడు పూటలా వంట జరిగే వంటగది మాది. ఇన్నేళ్లు వాడాక నా కోపమంతా ఒక్క సొరుగు మీదే, దాని కొలత తీసిన తీరు మీదే.

కొత్తలో అడిగినవాళ్లందరికీ కళ్లు మూసుకుని పెట్టించుకోమని చెప్పాను. ఫ్రేము ఉన్నప్పుడు పెద్ద కుక్కర్ని పక్కకి వంచితే గానీ లోపల పట్టేది కాదు. ఇప్పుడు నేరుగా పోతుంది. ఆ మాట తలుపుల అరలకి ఇప్పటికీ నిజమే. సొరుగుల దగ్గర మాత్రం, ఫ్రేము తీసేసి మిగుల్చుకున్న చోటులో ఒక అంగుళం, సొరుగు జారడానికి రెండు పక్కలా బిగించే ఉక్కు పట్టాలు, అదే చానళ్లే తినేస్తాయి.

పొయ్యి పక్కన గరిటెలు, అట్లకాడలు పెట్టే సొరుగుంది. దాని పెట్టె బయటి వెడల్పు 600 మి.మీ. పక్క చెక్కలు 18, 18 తీసేస్తే లోపల 564. ఒకదాంట్లోంచి ఒకటి జారే టెలిస్కోపిక్ చానల్‌కి ఒక్కో పక్క అరంగుళం, అంటే 12.7 మి.మీ. వదలాలి. రెండు పక్కలకీ కలిపి 26 తీసేసి సొరుగు 538 కి చేశారు. లెక్క కాగితం మీద సరిగ్గానే ఉంది. కానీ ఆ తర్వాత పెట్టె లోపల రెండు వైపులా లైనర్ మైకా, అంటే లోపలి వైపు వేసే పల్చటి మైకా, అతికించారు. అది ఒక్కోటి 0.8, దాని కింద జిగురు. దాంతో లోపలి వెడల్పు 562 కి దిగింది. ఒక్కో పక్క మిగిలిన 12 మి.మీ.లోకి 12.7 చానల్‌ని బలవంతంగా బిగించారు.

మొదట్లో కాస్త పట్టేసేది. "కొత్తది కదా మేడమ్, వాడగా వాడగా సాఫీ అవుతుంది" అన్నారు పని చేసినవాళ్లు. వానాకాలం వచ్చేసరికి ఇంకో మూడు వేళ్లు లోపలికి వెళ్లాల్సిన చోట ఆగిపోయేది. మోకాలితో నెడితే గానీ మూతపడేది కాదు. ఒక రోజు పోపు మాడిపోతుంటే గరిటె కోసం గట్టిగా లాగాను. చానల్లోని సన్నటి ఉక్కు గుండ్లు టపటపా రాలి గరిటెల మధ్యలో పడ్డాయి. పని చేసినవాళ్లు చానల్ నాసిరకమని కొత్తది వేసి, దాని డబ్బులు కూడా తీసుకున్నారు. మళ్లీ వానలు పడేసరికి కొత్తదీ అలాగే తయారైంది.

చివరికి మా వీధి చివరుండే పెద్ద మేస్త్రిగారిని పిలిచాను. ఆయన చానల్ వంక చూడనే లేదు. సొరుగు ఊడదీసి పక్కన పెట్టి, పెట్టె లోపల ముందు, మధ్యన, వెనక టేపు పెట్టి కొలిచారు. తర్వాత సొరుగు కొలిచారు. "చానల్ తప్పేం లేదమ్మా, పెట్టె పూర్తయ్యాక లోపల ఎవరూ టేపు పెట్టలేదు" అన్నారు. సొరుగు కీళ్లు విప్పి, ముందు వెనక ముక్కలు, గాడిలో ఉన్న అడుగు ప్లై కూడా కోసి, 535 కి తెచ్చారు. 536 చాలు కదా అని అడిగాను. సొరుగు సన్నమైతే చానల్ వెనక మైకా ముక్క దోపి సర్దొచ్చు, లావైతే మళ్లీ విప్పి కొయ్యాల్సిందే అన్నారు. చెప్పినట్టే ఒక పక్క మైకా ముక్క పెట్టి బిగించారు. ఇప్పుడు చిటికెన వేలితో తోస్తే పోతుంది. మిల్లీమీటరున్నర తేడాకి రెండు వానాకాలాలు అవస్థ పడ్డామంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

తలుపుల లెక్క మాత్రం వాళ్లు బాగా చూసుకున్నారు. 600 పెట్టెకి రెండు తలుపులు, మధ్యలో 3, బయటి అంచుల్లో 1.5 చొప్పున సందు, ఒక్కో తలుపు 297. అంచులకి అతికించే 2 మి.మీ. పట్టీ, అదే ఎడ్జ్ బ్యాండ్, రెండు పక్కలా వస్తుందని చెక్కని 293 కే కోశారు. పైగా తలుపులో కాస్త తేడా వచ్చినా ఆటో హింజి (తలుపు లోపలి వైపు ఉండే కీలు) స్క్రూ తిప్పి సర్దుకోవచ్చు, పక్కకి కొట్టిన సొరుగు చానల్లో ఆ వెసులుబాటు చాలా తక్కువ. సందులు మొన్నమొన్నటిదాకా గీత గీసినట్టే ఉండేవి. సింకు కింద మాత్రం నేల కాలువ వైపు వాటంగా ఉండడంతో పెట్టె కింది పీవీసీ కాళ్లలో ఒకటి దిగి, తలుపుల మధ్య సందు పైన సన్నగా, కింద వెడల్పుగా అయింది. ఎత్తు సరిచేయించాను, ఏడాదికోసారి చూసుకోవాలట.

మళ్లీ ఇవే పెట్టిస్తానా అంటే, పెట్టిస్తాను. మాది సొంతిల్లు, పిలిస్తే వచ్చే మేస్త్రిగారు దగ్గర్లోనే ఉన్నారు, పెద్ద గిన్నెలు ఎక్కువ. అద్దె ఇంట్లో ఉంటూ ప్రతి చిన్న రిపేరుకీ కంపెనీకి ఫోన్ చేసుకోవాల్సిన వాళ్లకి ఇదే మాట చెప్పలేను. ముందే రెండు వైపులా మైకా ఉన్న బోర్డుతో ఫ్యాక్టరీలో కోయించుకుంటే లైనర్ వల్ల వచ్చే ఈ తంటా ఉండదు, కానీ అది నేను వాడలేదు. ఇంట్లోనే చేయిస్తే మాత్రం, లైనర్ అతికించి పెట్టెలు నిలబెట్టాకే సొరుగుల ప్లై కొయ్యాలని బయానా ఇచ్చేటప్పుడే మాట తీసుకుంటాను. పని రెండు రోజులు ఆలస్యమైనా సరే.